పసుపు పెట్టిన చీర వాపసు లేదు

గోకుందలో పొద్దుటి రైలెక్కి, నాందేడ్‌లో దిగి, వజీరాబాద్ బట్టల బజారులో రామచంద్రం సేటు దుకాణం మెట్ల దాకా వచ్చేసరికి మంగళకు తొమ్మిదిన్నర అయింది. షట్టరు అప్పుడే లేచింది. సేల్స్‌మన్ మయూర్ గడప ముందు నీళ్ళు చల్లుతున్నాడు. సేటు గల్లా వెనక నిలబడి లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి తిప్పుతున్నాడు. తిప్పడం అయ్యాక కళ్ళు తెరిచి ఆమె చేతిలోని సంచీ చూశాడు. సంచీ తన దుకాణానిదే. లోపల ఏదో ఉన్నట్టు ఉబ్బి ఉంది. కొనడానికి వచ్చేవాళ్ళు నిండు సంచీతో రారు. నలభై ఏళ్ళుగా గల్లా మీద కూర్చున్న మనిషికి అంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

"బోణీ కాలే తాయీ," అన్నాడు. "బోణీ కాకముందు వాపస్ మాట తియ్యద్దు. జెర బయట కూసోండ్రి."

సరే, ఎవరి నమ్మకం వాళ్ళది అనుకుని మంగళ మెట్ల మీద కూర్చుంది. ఆ పూట దుకాణానికి ఏం శనిపట్టిందో గానీ ఒక్క గిరాకీ రాలేదు. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నలభై చీరలు తీయించి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. పదకొండున్నరకు ఒక ముసలాయన వచ్చి చేతిరుమాలు కొన్నాడు. అదీ బోణీయేనట. ఆ రుమాలేదో నేనే కొనుంటే రెండు గంటల కిందటే లోపలికి పోయేదాన్ని కదా అని మంగళకు అప్పుడు తట్టింది, తట్టి తనమీద తనకే కోపం వచ్చింది.

బోణీ అయ్యాక గిరాకీ మొదలైంది. గిరాకీ నడుస్తుండగా చిరిగిన చీర విప్పి పరిస్తే దుకాణం పరువేం కావాలి అన్నాడు సేటు, నాలుగింటికి రమ్మన్నాడు. నాలుగింటికి ఆయన పైన మేడమీద నిద్రపోతున్నాడు. ఐదున్నరకు కిందికొచ్చి, మొహం కడుక్కుని, చాయ్ తాగి, అప్పుడు చీర చేతిలోకి తీసుకున్నాడు. చిరుగు ఎక్కడని అడగలేదు. మూల పట్టుకుని వెలుతురుకు ఎత్తి, అక్కడున్న పసుపు మరకను బొటనవేలితో రుద్దాడు.

"పసుపు వెట్టిన చీర వాపస్ లేదు," అన్నాడు. ఒకసారి వాడిన సరుకుతో సమానమట.

మంగళకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ చీర మళ్ళీ నాందేడ్ దారి పట్టడానికి కారణం ఆమె ఆడబిడ్డ సుశీలాబాయి. మామూలు ఆడబిడ్డ కాదు. మంగళ భర్త భోజన్నకు తల్లి చిన్నప్పుడే పోతే, ఎనిమిదేళ్ళు పెద్దదైన ఈ అక్కే చంకనేసుకుని పెంచింది. ఆయన ఎంత ఎదిగినా, ఎన్ని ఎకరాల పత్తి వేసినా, అక్క ముందు మాత్రం ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు. ఆ అక్క సర్ఖనిలో కొత్త ఇల్లు కట్టుకుని మొన్న వాస్తుశాంతి పెట్టుకుంది. అలాంటి రోజున పుట్టింటివాళ్ళు ఆహేర్ తేవాలి, అంటే పూజలో కూర్చోబోయే దంపతులకు కొత్తబట్టలు పెట్టాలి. తల్లిలేని పుట్టింట్లో ఆ తల్లి స్థానం మంగళది. అందుకని కిన్వట్ బజారులో దొరికేవి వద్దనుకుని, సెలవు పెట్టి నాందేడ్ దాకా వచ్చి, ఇదే దుకాణంలో రెండు గంటలు కూర్చుని నెమలికంఠం రంగు చీర ఒకటి ఎంచుకుంది.

మయూర్ ఆమెకు కొంగు చూపించాడు, అంచు చూపించాడు. మధ్యలో మడతలు విప్పలేదు. విప్పమని ఆమె కూడా అడగలేదు. ఘడీ, అంటే మడత, విరిగిన చీర ఆహేరుకు పనికిరాదు. కట్టుకోబోయే మనిషే మొదటిసారి మడత విప్పాలి. విప్పని ఆ మడతమీదే మూలన ఇంత తడిపసుపు పెట్టి ఇవ్వాలి. ఈ పద్ధతి తెలియని ఆడది ఆ పక్క ఊళ్ళలో ఉండదు. మంగళకు కూడా తెలియకపోయుంటే ఎంత బాగుండేదో.

పూజకు ముందు లోపలి గదిలో, తన ఇద్దరు తోటికోడళ్ళ ఎదుట, సుశీలాబాయి సంబరంగా చీర విప్పింది. నాలుగో మడతలో జానెడు చిరుగు. వట్టి చిరుగైతే మిల్లువాడి పాపం అనుకుని పక్కన పెట్టేవాళ్ళేమో. ఆ చిరుగును దగ్గరికి లాగి, వెనకవైపు నుంచి అద్దంలాంటి టేపు శ్రద్ధగా అంటించి ఉంది. అంటే ఎవరో చూశారు. చూసి దాచారు. పెద్ద తోటికోడలు ఆ టేపును గోటితో గీకి, మూలనున్న పసుపు చూసి, పసుపు పెట్టిన చేతికి చిరుగు తగల్లేదా అని అడిగింది. చిన్న తోటికోడలు నవ్వింది. మంగళ అక్కడే నిలబడి ఉంది. తాను మడత విప్పనేలేదని ఆ తర్వాత ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది.

సుశీలాబాయి అరవలేదు. చీరను సంచీలో కుక్కి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ముప్పయ్యేండ్ల సంది మా తల్లిగారింటి సంగతి వీళ్ల ముంగట తలెత్తి చెప్పుకున్న," అంది. "గిప్పుడు టేపు వెట్టిన చీర తెచ్చిండ్రు. దుకాణపోడు తప్పు నాదే అని కాగితం రాసిస్తె తీస్కరాండ్రి. లేకపోతె భావుబీజ్‌కు నా గడప తొక్కద్దు. తమ్ముడైతేంది, ఎవ్వలైతేంది."

భావుబీజ్ అంటే దీపావళి వెళ్ళిన రెండోనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి పోయి హారతి పట్టించుకునే పండగ. భోజన్న పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఒకసారి చలిజ్వరంతో కంబళి కప్పుకుని మరీ పోయాడు. అక్క ఆ మాట అన్నప్పుడు మంగళ ఆయన ముఖం చూసింది. దుకాణంవాడి చేత ఆ కాగితం రాయించి తెచ్చేదాకా ఊరుకోనని అప్పుడే మనసులో గట్టిగా అనుకుంది.

అనుకోవడం సులువే. ఇక్కడ సేటు పసుపు దగ్గరే ఆగిపోయాడు. చిరుగు విప్పి చూపించింది, టేపు చూపించింది. టేపు మీరే అంటించి ఉండొచ్చన్నాడు. బిల్లు కింద అచ్చువేసిన వరుస చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని. ఆమె వాదిస్తూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. ఈలోగా మయూర్ వచ్చి పటం ముందు దీపం వెలిగించాడు. సేటు చేతులు జోడించి, దీపం పెట్టాక దుకాణంలోంచి ఏదీ వాపసు రూపంలో బయటికి పోకూడదని, లక్ష్మి అలుగుతుందని చెప్పి, మరో రోజు రమ్మన్నాడు. పొద్దున లక్ష్మి రాలేదని ఆపాడు, సాయంత్రం లక్ష్మి పోతుందని ఆపాడు. ఆ లక్ష్మి కూర్చుని ఉండే వేళ ఏదో చెబితే ఆ వేళకే వస్తానంది మంగళ. ఆయనకు అందులో వెటకారం కనబడలేదు. పదకొండుకూ ఐదుకూ మధ్య రమ్మన్నాడు.

రైలు తప్పిపోయింది. బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి కాళ్ళు వాచాయి.

అయితే మంగళ ఒక పని మాత్రం చేసి వచ్చింది. ఆమె గోకుందలో అంగన్‌వాడీ సేవిక. ఏ ఇంటికి పోయినా తారీఖు వేసి, ఎందుకు పోయిందీ ఏమన్నారూ రిజిస్టరులో రాసుకోవడం పదిహేడేళ్ళుగా ఆమె పని. అది చెయ్యి చేసే పనే గానీ బుర్ర చేసేది కాదు. పోయేముందు బిల్లు మయూర్ ముందు పెట్టి, వెనకవైపు తారీఖు వేసి, ఎందుకు తిప్పి పంపారో రాసి సంతకం చేయమంది. వాడు సేటు వైపు చూశాడు. సేటు ఫోనులో ఉన్నాడు. 'దీపం పెట్టినందున మళ్ళీ రావాలి' అని మరాఠీలో రాసి వాడు సంతకం గీకాడు.

రెండోసారి వెళ్ళింది. పదకొండు దాటింది, బోణీ అయింది, దీపానికి ఇంకా చాలా పొద్దుంది. కానీ ఆ రోజు శుక్రవారం. శుక్రవారం వాపసా, కళ్ళు పోతాయి అన్నట్టు చూశాడు సేటు. బిల్లు వెనక రెండో వరుస పడింది. మూడోసారి మంగళవారం వెళితే సేటు లేడు, నిజామాబాద్‌లో పెళ్ళికి పోయాడు. గల్లా మీద ఆయన భార్య విమలాబాయి ఉంది. ఆమె మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది, చీర చూసి అయ్యో అంది, తన చేతిలో ఏమీ లేదంది. మూడో వరుస ఆమే స్వయంగా రాసింది. రైలు, బస్సు, ఆటో, మెట్లు, మళ్ళీ ఆటో, బస్సు. మంగళకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె సెలవులు అయిపోయాయి. సూపర్‌వైజరు మ్యాడం ఈ నాందేడ్ ఏమిటి నీకు అని అడగడం మొదలుపెట్టింది.

నాలుగోసారి అన్నీ కుదిరాయి. బుధవారం, మధ్యాహ్నం పన్నెండు. అమావాస్య కాదు, గ్రహణం లేదు. సేటు ఉన్నాడు, మెలకువగా ఉన్నాడు. గల్లా పక్కన విమలాబాయి కూడా ఉంది. చీర మళ్ళీ పరిచారు. విమలాబాయి ఏదో గొణిగింది భర్త చెవిలో. ఆయన గొంతు సవరించుకుని, సరే, పసుపు సంగతి వదిలేద్దాం, ఇంత దూరం నుంచి నాలుగుసార్లు వచ్చారు, దీనికి బదులు మరో చీర తీసుకొమ్మన్నాడు. పాత గిరాకీ కాబట్టి ఆ మాట అంటున్నానన్నాడు.

"చీర వద్దు సేటూ," అంది మంగళ. "గీ చీర మీ దుకాణంల ఉన్నప్పుడే చినిగి ఉండె, టేపు మేమే చూస్కోలే, తప్పు మాదే అని రెండు వరుసలు రాసియ్యి. చాలు."

మయూర్ చీరలు మడవడం ఆపాడు. రాసివ్వడమా అన్నాడు సేటు. వాళ్ళ తాత పెట్టిన దుకాణం ఇది. రజాకార్ల రోజుల్లో కూడా తెరిచి ఉన్న దుకాణం. మూడు తరాల్లో ఎవరికీ తప్పు మాదని రాసిచ్చింది లేదు. కావాలంటే రెండు చీరలు పట్టుకుపొమ్మన్నాడు. పైన జాకెట్టు గుడ్డ కూడా ఇస్తానన్నాడు. అంతవరకు ఒక్క చీర ఇవ్వడానికి ముహూర్తం దొరకని మనిషి ఇప్పుడు మంగళవారమైనా శుక్రవారమైనా ఫర్వాలేదన్నట్టు చీరలమీద చీరలు ఆమె ముందు విసురుతున్నాడు. రెండు వరుసలు మాత్రం రాయడు. మంగళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన చీర మడిచి సంచీలో పెట్టుకుని లేచింది.

కిన్వట్‌లో బచత్ గట్, అంటే పొదుపు సంఘం, మీటింగులో ఎప్పుడో పంచిన మరాఠీ చిన్నపుస్తకం ఒకటి ఆమె ఇంట్లో గూట్లో ఉంది. గ్రాహకుల, అంటే వినియోగదారుల, హక్కుల గురించి. రాత్రి దుమ్ము దులిపి చదివింది. వాపసు లేదని బిల్లుమీద అచ్చువేసుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు తీసుకోననడం చెల్లదని, ముప్పై రోజుల లోపల తిరిగి తెచ్చిన సరుకు నిరాకరిస్తే అది అన్యాయమైన వ్యాపారమేనని అందులో ఉంది. తాను నాలుగుసార్లు పోయిందీ ముప్పై రోజుల లోపలే. బిల్లు వెనక తారీఖులున్నాయి. ఐదోసారి నాందేడ్ పోయినప్పుడు మంగళ వజీరాబాద్ వైపు తిరగనేలేదు, ఆటోను నేరుగా వినియోగదారుల ఫిర్యాదులు వినే గ్రాహక్ ఆయోగ్ కచేరీకి పొమ్మంది. ఫీజు లేదు. ఫిర్యాదు కాగితం మీద ఏం కోరుతున్నారనే చోట సరుకు మార్పు, సొమ్ము వాపసు, నష్టపరిహారం అని వరుసగా రాసుకోవచ్చని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఆమె మూడూ వదిలేసి, 'తప్పు దుకాణానిదని రాతపూర్వకంగా' అని రాసింది. గుమాస్తా రెండుసార్లు చదివి, ఇంతేనా అన్నాడు. ఇంతే అంది.

శ్రావణంలో రాఖీ వచ్చింది, పోయింది. సర్ఖని నుంచి రాఖీ రాలేదు. భోజన్న ఆ రోజు పొలం నుంచి పొద్దుపోయి వచ్చి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. అన్నం కెలికి లేచాడు. ఆయన ఆమెను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదని, పోట్లాడి కడుపు ఖాళీ చేసుకునేదాన్నని మంగళ అనుకుంది. ఆయన అడిగేది ఒకటే, రోజు విడిచి రోజు. "రాసిచ్చిండా?" ఇంకా లేదు అనేది ఆమె. ఆ మాట చెప్పీ చెప్పీ ఆమెకు సేటు మీదే కాదు, అక్క మీద, ఆ తోటికోడళ్ళ మీద, నెమలికంఠం రంగు మీద కూడా ఒళ్ళుమండేది.

దసరా వెళ్ళాక ఆయోగ్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ మాట్లాడించే తారీఖు పడింది. బల్లకు అటువైపు సేటు, విమలాబాయి, వాళ్ళ వకీలు. ఇటువైపు మంగళ ఒక్కతే. మధ్యలో నుదుట కాసంత బొట్టు పెట్టుకున్న, రాజీ కుదిర్చే మరాఠీ మ్యాడం. వకీలు పాతపాటే ఎత్తుకున్నాడు. పసుపు పెట్టారంటే చీర విప్పారు, విప్పాక చిరిగిందో చించారో ఎవరికి తెలుసు అన్నాడు.

మంగళ సంచీ తెరిచింది. చీర బల్లమీద పెట్టింది. దాన్ని ఐదు నెలలుగా మోసీ మోసీ ఆమెకు ఆ చీరలో ప్రతి నూలుపోగూ తెలుసు. పాత గీతల వెంబడే మడత పెట్టి, ఒక్కొక్క పొరా ఎత్తి చూపించింది. పైపొర మూలన పసుపు చిక్కగా ఉంది. రెండో పొర మీద అదే చోట కొంచెం తక్కువ. మూడో పొరమీద ఇంకా తక్కువ. అలా ఆరో పొర దాకా, వెలిసిపోతూ వెలిసిపోతూ, ఒకే చోట ఒకే బొట్టు. తడిపసుపు మడత మీద పెడితేనే అలా దిగుతుంది. విప్పిన చీరకు పెడితే ఒక్క పొరకే అంటేది. దుకాణపు మడత విప్పకుండా పసుపు పెట్టిన మనిషికి నాలుగో మడతలో చిరుగు ఎలా కనబడుతుంది, టేపు ఎలా అంటిస్తుంది?

మ్యాడం ఆ పొరలను తానే మరోసారి ఎత్తి చూసి, విమలాబాయి వైపు తిరిగింది. మీరు ఇంట్లో కొత్తచీరకు పసుపు ఎలా పెడతారని అడిగింది. విమలాబాయి భర్త ముఖం చూడలేదు.

"గట్లనే వెడ్తం," అంది. "ఘడీ మీద్నే."

రాజీ కుదిరింది. మరో చీర, రాకపోకల ఖర్చు, దాంతోబాటు దుకాణం తరఫున ఒక పత్రం. పత్రం వకీలు తయారుచేసి దుకాణంలో ఉంచుతాడన్నారు. మంగళకు గుండె తేలికైంది. బయటికొచ్చి భోజన్నకు ఫోన్ చేసి, రాసిస్తున్నాడు అంది. అటువైపు ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

పత్రం కోసం మళ్ళీ రెండుసార్లు తిప్పారు. వకీలు ఊళ్ళో లేడు, ముద్ర కనబడటం లేదు, దీపావళి గిరాకీలో ఊపిరి తీసుకునే వీలు లేదు. చివరికి ధనత్రయోదశి ముందురోజు, కాలు పెట్టే సందులేని దుకాణంలో, మయూర్ జనం తలలమీదుగా కొత్తచీర సంచీ, అంటించిన కవరు అందించాడు. రైలుకు వేళవుతోంది. ఆమె కవరు జాకెట్టులో దోపుకుని పరుగెత్తింది. ముద్‌ఖేడ్ దాటాక సీటు దొరికింది. భోకర్ దగ్గర కవరు చింపి చదివింది.

మేలైన కాగితం, పైన దుకాణం పేరు బంగారు అక్షరాలతో ఉంది. కింద గుండ్రటి ముద్ర, సేటు సంతకం. మధ్యలో మరాఠీలో నాలుగు వరుసలు. 'కోణతీహీ చూక మాన్య న కరతా', అంటే ఎలాంటి తప్పునూ ఒప్పుకోకుండా, గ్రాహకురాలితో సత్సంబంధాల కోసం మాత్రమే, సద్భావనతో మరో చీర ఇవ్వడమైనది.

మంగళ మళ్ళీ చదివింది. మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆ 'న' ఉంది. ఐదు నెలలు, చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్న కాగితంలో తప్పు ఎవరిదీ కాదట. ఆయన పెద్దమనసుతో చీర ఇచ్చాడట. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎదురుసీటు ఆవిడ ఎవరైనా పోయారా అని మరాఠీలో అడిగింది. దాన్ని చింపి కిటికీలోంచి విసిరేద్దామనుకుంది. విసరలేదు. మళ్ళీ ఆయోగ్‌కు పోవచ్చు. ఇది నేనడిగిన మాట కాదని చెప్పొచ్చు. చెబితే వింటారు కూడా. కానీ దీపావళి సెలవులయ్యాకే. భావుబీజ్ ఐదు రోజుల్లో ఉంది.

ఇంటికి పోయేసరికి భోజన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా ఉతికి దండెం మీద ఆరేసుకున్నాడు అప్పుడే. ఇచ్చాడా అన్నట్టు కళ్ళతో అడిగాడు. మంగళ కవరు చూపించింది. ఆయన చదువు సంతకం వరకే. కవరును తీసుకుని దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాడు. ఆమె నోరు విప్పబోయి మూసుకుంది.

భావుబీజ్ నాడు ఇద్దరూ సర్కారు ఎస్టీ బస్సులో సర్ఖని పోయారు. కొత్త ఇంటి వసారాలో తోటికోడళ్ళ పిల్లలు, అల్లుళ్ళు, ఎవరి హారతుల సందడి వాళ్ళది. సుశీలాబాయి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. భోజన్న గడప బయట చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయాడు. చిన్న తోటికోడలు కూర్చున్నచోటి నుంచే, కాగితం తెచ్చారా అని అడిగింది, అడిగి పక్కావిడను చూసి నవ్వింది.

తెచ్చామంది మంగళ. కవరు తీసింది. కాగితం మీది బంగారు అక్షరాలు, గుండ్రటి ముద్ర చూసి వసారా సద్దుమణిగింది.

"సదువు," అంది సుశీలాబాయి.

మంగళ కాగితం మడత విప్పి పట్టుకుంది. అబద్ధం ఆడుదామని ఆమె ఇంటి దగ్గర అనుకుని రాలేదు. బస్సులో కూడా అనుకోలేదు. ఉన్నదున్నట్టు చదివి, కాళ్ళ మీద పడైనా సరే నమ్మించుకుందామనుకుంది. కానీ గడప బయట చెప్పుల్లేకుండా నిలబడ్డ మనిషిని చూశాక, ఆ 'సద్భావన' నోట్లోంచి రానంది.

"గీ చీర అమ్మకముందే మా దుకాణంల చినిగి ఉండె," అని మొదలుపెట్టింది, మరాఠీ వరుసల మీద వేలు జరుపుతూ, దాన్ని తెలుగులో చెబుతున్నట్టు. "మా మనుషులే టేపు వెట్టిండ్రు. కొన్న మంగళాబాయి మడత ఇప్పలే, ఆమెకు తెల్వది. తప్పు మాదే."

అప్పుడు మంగళకు తన భుజం వెనక ఊపిరి తగిలింది. సుశీలాబాయి ఎప్పుడు లేచి వచ్చిందో వచ్చి వెనక నిలబడి ఉంది. కిన్వట్‌లో మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి ఆమె. కళ్ళజోడు ముక్కుమీదికి జరుపుకుని కాగితంలోకి చూస్తోంది. పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి. మొదటి వరుస చదివింది. రెండో వరుస చదివింది. సంతకం దాకా చదివింది. ఇప్పుడు ఈమె ఆ కాగితం లాక్కుని ఉన్నమాట బయటపెడితే ఇక ఈ జన్మకు ఈ గడప లేదు.

సుశీలాబాయి తల ఎత్తి మంగళ ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గడప అవతల తమ్ముణ్ణి చూసింది.

"మల్లొకసారి సదువు," అంది. "పెద్ద యారాలు వంటింట్ల ఉన్నది, ఆమె ఇనలే. జెర పెద్దగ సదువు."

లోపలి నుంచి పెద్ద తోటికోడలిని పిలిచారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మంగళ మళ్ళీ చదివింది, ముందుకంటే గట్టిగా, ఒక్క మాట తడబడకుండా. చదవడం కాగానే సుశీలాబాయి ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది. చూస్తామని చిన్న తోటికోడలు చెయ్యి చాపింది. సుశీలాబాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి తన జాకెట్టులో దోపుకుని, తమ్ముడికి పీట వేయడానికి వంగింది.